పదకొండుంబావుకు ఎత్తే నంబరు

చెంచులక్ష్మి ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మూడో అంతస్తులో ఉన్న కాల్ సెంటర్‌లో చేరి రెండేళ్లయింది. గొర్రెలకు, మేకలకు వైద్యం చేయిస్తామని సభ్యత్వం కార్డులు ఇచ్చే కంపెనీ అది. జీవాలకు బాగాలేదని ఎవరైనా ఫోన్ చేస్తే, వీళ్లు తిరిగి ఫోన్ చేసి, కార్డు ఎవరి పేరున ఉందో ఆ మనిషి నోటితోనే వివరాలు చెప్పించుకుని రికార్డు చేస్తారు. ఆ రికార్డు ఉంటేనే డాక్టరు వ్యాను కదులుతుంది. తిరిగి ఎప్పుడు చెయ్యాలో, ఎవరు చెయ్యాలో మనుషులు చూసుకునే రోజులు పోయాయి. మొన్న వేసవిలో ఒక మిషన్‌ను పెట్టారు. ఏ నంబరు ఏ వేళకు ఎత్తుతుందో అదే నేర్చుకుంటుంది, అదే కలుపుతుంది. మహా తెలివైనదట! దాని తెలివి తగలెయ్య.

చెంచులక్ష్మి తండ్రి వెంగయ్యది ఉదయగిరి కొండ కింద పల్లె. అరవై రెండు జీవాలు తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. ఒక సోమవారం సాయంత్రం దొడ్లో నాలుగు గొర్రెలు ముక్కులు కారుతూ, పారుకుంటూ పడిపోతే, వెంగయ్య కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాడు. దగ్గర్లో పశువుల డాక్టరు లేడు. చెంచులక్ష్మి మందుల షాపులో అడిగి ఏవో పొట్లాలు బస్సులో పంపింది గానీ, అవి పనిచెయ్యలేదు.

మంగళవారం పదకొండుంబావుకు ఫోన్ మోగింది. ఆ వేళకు వెంగయ్య, బాగున్నవాటికి రోగం అంటకుండా కొండ మీదికి తోలుకుపోయి ఉన్నాడు. పైన సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ ఇంట్లోనే పెట్టిపోతాడు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని అతని భార్య దేవకమ్మ ఎత్తింది.

"ఆయన కొండకి పోయినాడు నాయనా. పొద్దుగూకినాక చెయ్యండి."

సాయంత్రం చెయ్యాలని అవతలివాళ్లు రాసుకున్నారు. రాసుకుంటే ఏం లాభం? మొదటి రింగుకే ఎత్తారు కదా, ఈ నంబరుకు పదకొండుంబావే మంచి వేళని మిషన్ నేర్చేసుకుంది. బుధవారం అదే వేళ. గురువారం అదే వేళ. దేవకమ్మ మూడుసార్లూ ఎత్తింది, మూడుసార్లూ అదే చెప్పింది. రాత్రిళ్లు వెంగయ్య కార్డు మీది నంబరుకు మళ్లీ చేస్తే, ముందే రాసుకున్నాం, మేమే చేస్తామని రికార్డు గొంతు చెప్పి పెట్టేసేది. గురువారానికి తొమ్మిది గొర్రెలు పోయాయి.

చెంచులక్ష్మి టీం లీడర్ రాజమోహన్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మా నాయన నంబరు సార్. ఒక్కసారి ఆరింటికి పెట్టండి. మీకు దణ్ణం పెడతా."

"నా చేతిలో ఏముండాది లక్ష్మీ? టైము మార్చే బటనే తీసేసినారు. నీ ఫోన్‌తో చేసి రికార్డు పెడితే అది చెల్లదు, పైగా నీ ఉద్యోగం పోతాది." రాజమోహన్ చెడ్డవాడేం కాదు. "ఎత్తకపోతే అదే వేరే టైము వెతుకుతాదంట. ట్రైనింగ్‌లో చెప్పినారు," అన్నాడు.

చెంచులక్ష్మి ఆ మాట పట్టుకుంది. సాయంత్రం తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, రేపట్నుంచి పగలు మోగితే ఎత్తబాక. సాయంత్రం నాయన ఎత్తుతాడు."

"అదేందే! మోగే ఫోను ఎత్తకుండా ఎట్టా? వాళ్లేమనుకుంటారు?"

"ఏమీ అనుకోరమ్మా. అది మనిషి కాదు."

శుక్రవారం మోగింది. దేవకమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అది ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంది. శనివారమూ అంతే. రెండు సాయంత్రాలూ వెంగయ్య మందను పెందలాడే దించుకొచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మోగలేదు. దొడ్డి వెనక గుంటలు తవ్వడానికి ఇక చోటు లేదని, కాల్ సెంటర్‌కు సెలవైన ఆదివారం, కూతురికి చెప్పాడు. మర్నాడు కొండకు పోకుండా పొద్దంతా ఇంట్లోనే ఉంటానన్నాడు.

సోమవారం పదకొండుంబావు దాటింది. పదకొండున్నరకు తండ్రి నుంచి ఫోన్ వచ్చింది.

"నేను ఇంట్లోనే ఉండానమ్మా. ఆ మిషన్‌కి చెప్పు."

ఏమని చెబుతుంది! రాజమోహన్ చేత ఆ నంబరు తెరిపించింది. వరసగా రెండుసార్లు ఎత్తలేదు గనుక, ఈ నంబరు మీద టైము దండగని తేల్చి, మిషన్ దాన్ని జాబితా అడుగుకు తోసేసింది. ముందు నాలుగు వేల నంబర్లున్నాయి. అమ్మను ఎత్తనిచ్చి ఉంటే ఇవాళ పదకొండుంబావుకు నాయన చేతిలోనే మోగేది గదా! తన నోటితో తానే చెడగొట్టింది. ఆ రోజు బాత్‌రూంలో నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది.

నెల తిరిగేసరికి దొడ్డి ఖాళీ అయింది. కొండకు పోయే పని లేని వెంగయ్య పొద్దస్తమానం అరుగు మీదే కూర్చుంటున్నాడు. మోగిన ప్రతి ఫోనూ ఎత్తుతున్నాడు. అదే కంపెనీ దాణా గురించి వాయించే రికార్డు గొంతునూ చివరిదాకా వింటున్నాడు.

"ఇంకెందుకు నాయనా అవన్నీ?" అని చెంచులక్ష్మి అడిగితే, "ఎత్తకపోతేనే గదమ్మా అట్టయింది," అన్నాడు.



ఒక బుధవారం పొద్దున ఆమె హెడ్‌సెట్‌లో బీప్ వినిపించింది. మిషన్ కలిపిన కాల్. స్క్రీన్ మీద తండ్రి నంబరు, పక్కన పచ్చ నక్షత్రం: ఏ వేళకైనా ఎత్తే కస్టమర్. పని: సభ్యత్వం కార్డు రెన్యువల్. ఆపుదామంటే, కలిసిన కాల్‌ను ఆపే బటన్ కూడా లేదు.

"హలో, వెంగయ్యనే మాట్లాడతా ఉండా," అన్నాడు అవతల ఆయన ఆత్రంగా. "ఇంట్లోనే ఉండాను, చెప్పండి."

ఆమె చదవాల్సిన మొదటి వాక్యం స్క్రీన్ మీద వెలిగింది: "నమస్కారం సార్, మీ జీవాలన్నీ బాగున్నాయా?"