ఒక్క అడుగు వెనక

ఆ పొద్దున అతను చేయాల్సిన పనులు ఇవి. బూట్లకు ఎండి అంటుకున్న మట్టి దులపాలి. వాచిన చీలమండకు పట్టీ చుట్టుకోవాలి. ఫోను జోలికి పోకూడదు. నాన్న డ్యూటీకి దిగేలోపు ఆయన మొహం చూడకుండా ఇంట్లోంచి జారుకోవాలి. తొమ్మిదింటికి క్లబ్బు వీడియో గదిలో కూర్చోవాలి. అక్కడ ఎవరేమన్నా నోరు మెదపకూడదు.

మొదటి రెండు పనులూ అయ్యాయి. మూడోది అక్క చెడగొట్టింది. ఫోను తెచ్చి మొహం ముందు పెట్టింది.

"చూడరా, నీకంటే నీ మడమకే ఎక్కువ పేరొచ్చింది."

నిన్నటి ఫుట్‌బాల్ ఫైనల్లో ఓ క్షణాన్ని ఆపి తీసిన బొమ్మ అది. అతని మడమ పక్కన ఎర్ర గీత గీశారు. అతని ఆటను చూసి జనం ముద్దుగా 'తాళం' అని పిలుచుకునేవారు. వాడున్నవైపు నుంచి ఎవడూ లోపలికి రాలేడని. ఇప్పుడు బొమ్మ కింద రాశారు: తాళం తుప్పు పట్టింది.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్న బస్సంతా ఇదే చూశారు. ఒకాయన సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుని, వీణ్ణి కన్నదెవడో అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. మీ స్టాపొచ్చింది దిగండి అన్నాను. వాడిది ఇంకా రెండు స్టాపుల అవతల."

అక్క నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

"నువ్వు ఊరికే ఆగేవాడివి కాదు. ఎందుకాగావు?" అన్నాడు నాన్న.

"కాలు జారింది."

నాన్న ఆఖరి బొత్తాం పెట్టుకున్నాడు. "బ్రేకేసినవాడికే వెనకనుంచి హారన్లు కొడతారు. ఎదర ఏముందో వాడొక్కడికే కనబడుతుంది. సరే, నీకు చెప్పబుద్ధైనప్పుడే చెప్పు."

ఎదర ఉన్నది కెప్టెన్ మోకాలు.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. ఎదుటి జట్టువాడు బంతిని ముందుకు తన్నే క్షణానికి మన డిఫెండర్లు నలుగురూ కలిసి ఒక అడుగు పైకి వచ్చేస్తే, వాళ్ళ వెనక మిగిలిపోయిన ఎదుటి ఆటగాడికి ఆ బంతి చెల్లదు. లైన్ దగ్గరున్నాయన జెండా ఎత్తుతాడు. నలుగురిలో ఒక్కడు వెనక ఉండిపోయినా ఆ ఎత్తు పారదు. అందుకే కెప్టెన్ "పైకి!" అని అరిస్తే ఎవరూ ఆలోచించరు, వెనక్కి చూడరు, అడుగు వేస్తారు.

సీజను సగంలో కెప్టెన్ కుడి మోకాలు చెడింది. ముందుకు నడుస్తుంది గానీ, వెనక్కి తిరిగి పరిగెత్తలేదు. ఆ సంగతి మాలిష్ గదిలో తాళానికి మాత్రమే చెప్పాడు. "ఇదే నా ఆఖరి సీజన్రా. బెంచీ మీద కూర్చుని ముగించలేను. ఎలాగోలా నన్ను లాక్కెళ్ళు." కుర్రాళ్ళ జట్టులో మూల పడున్న తనను వేలు పెట్టి చూపించి పై జట్టుకు తెచ్చింది ఆ మనిషే. కాదనడానికి నోరెలా వస్తుంది? అప్పటినుంచి తాళం ప్రతి మ్యాచ్‌లోనూ రెండు ఆటలు ఆడాడు, తనదొకటి, కెప్టెన్‌దొకటి. ఆ మోకాలి మీద ఒక కన్నేసి, అది తేడాగా కనిపించినప్పుడల్లా ఒక అడుగు వెనక ఉండిపోయేవాడు, బంతి దాటితే తను పరిగెత్తొచ్చని. ఎవరికీ తెలియలేదు. నిన్న ఆ అడుగు అందరికీ కనబడింది. కెప్టెన్ అరిచి పైకొచ్చాడు. మోకాలు లోపలికి మడతపడింది. అది చూసి తాళం ఆగాడు. బంతి అవతలి పక్కకు వెళ్ళింది, జెండా లేవలేదు, గోలు పడింది, కప్పు పోయింది.

ఆ జట్టులో ఒక పద్ధతి ఉంది. గోలు పడితే, తప్పెవరిదో వాళ్ళు చెయ్యెత్తి "నాది" అనాలి. ఆ తర్వాతే ఆట మొదలెట్టడానికి నడవాలి. కెప్టెన్ నేర్పిన పద్ధతే. "దొంగవాడి చెయ్యి జేబులోనే ఉంటుంది" అనేవాడు. నిన్న తాళం కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ స్కోరుబోర్డు వైపు చూశాడు. చివరికి గోల్‌కీపరు చెయ్యెత్తాడు, ఎవరో ఒకరు ఎత్తాలి గనక.

వీడియో గదిలో కోచ్ ఆ ముక్కనే తిప్పి తిప్పి వేశాడు.

"ఎవరిదిది?"

"నేను నిన్ననే ఎత్తాను సార్," అన్నాడు గోల్‌కీపరు.

"నిన్నడగలేదు. ఏం బాబూ, నోటిక్కూడా తాళమేనా?"

గదంతా నవ్వింది. కెప్టెన్ కూడా నవ్వాడు. నీళ్ళ సీసా మీది కాగితాన్ని గోటితో గీకుతూ, నలుగురితో పాటు నారాయణ అన్నట్టు నవ్వాడు.

మాట పడటానికి సిద్ధమయ్యే వచ్చాడు తాళం. ఆ నవ్వుకు మాత్రం సిద్ధం కాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాడు.

"ఇకనుంచి పైకి అంటే పైకే వస్తాను సార్."

కోచ్‌కు చెప్పాడు గానీ చూసింది కెప్టెన్‌ను. సీసా మీద గోరు ఆగిపోయింది.

మధ్యాహ్నం ప్రాక్టీసులో కెప్టెన్ "పైకి!" అన్నాడు. తాళం వచ్చాడు, కొలిచినట్టు. రెండోసారీ అంతే. కెప్టెన్ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఎక్కడుంటున్నావు?"

"రమ్మన్న చోటే ఉన్నానన్నా."

"ఒక్క అడుగు చూసుకోరా."

"వెనకుంటే మళ్ళీ మడమ కనబడుతుందన్నా."

కెప్టెన్ తన చోటికి వెళ్ళాడు. మూడోసారి అరిచాడు. నలుగురూ పైకొచ్చారు. ఈసారి ఎదుటివాళ్ళలో వెనక మిగిలినవాడెవడూ లేడు. మైదానం మధ్యలోంచి ఒకడు వాళ్ళ ముందునుంచే దూసుకొచ్చి బంతి వెంట పడ్డాడు. వాడికి జెండా లేదు. వాణ్ణి ఆపడానికి వెనక డిఫెండరెవరూ లేరు. కెప్టెన్ తిరిగాడు. మోకాలు తిరగలేదు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

అందరికంటే ముందు చేరింది తాళమే. కెప్టెన్ గడ్డి మీద పడి పళ్ళు బిగించుకుని, మెల్లగా చెయ్యెత్తాడు.

"నాది," అన్నాడు. అందరూ వినేలా మళ్ళీ అన్నాడు. "నిన్నటిదీ నాదే. వీడు నా కాలు చూసి ఆగాడు."

కోచ్ గడ్డి వైపు చూశాడు. "సరే, ముందు ఆసుపత్రికి పదండి. ఆ సంగతి తర్వాత."

ఆ 'తర్వాత' అనేది రాలేదు. కోచ్‌కు మోకాలి సంగతి ముందే తెలుసు. మాలిష్ చేసేవాడు ఎప్పుడో చెవిన వేశాడు. ఇప్పుడు నిజం బయటపడితే, కుంటికాలితో ఆడించిందెవరన్న ప్రశ్న పుడుతుంది. అది పుట్టకుండా ఉండాలంటే మడమ బొమ్మ అలా తిరుగుతూ ఉండటమే మేలు. కెప్టెన్‌కు పూలదండలతో వీడ్కోలు సభ పెట్టారు. ఆయన కర్రల మీద నిలబడి, క్లబ్బువాళ్ళు రాసిచ్చిన కాగితం చదివాడు. అందులో అందరికీ కృతజ్ఞతలున్నాయి, ఆ గోలు మాట మాత్రం లేదు. తాళాన్ని 'అనుభవం కోసం' కింది జట్టుకు పంపారు. చెయ్యెత్తింది ఇరవైమంది ముందు. నవ్వింది ఊరు ఊరంతా. ఈ రెండూ ఎక్కడ సరితూగుతాయి?

కోపం చల్లారలేదు. అందులో కొంత తన మీద కూడా ఉంది. ప్రాక్టీసులో ఆ అడుగు వేసింది ఆట కోసం కాదు, కసి కోసం. అది తనకు తెలుసు. సభ అయ్యాక, ఆపరేషనుకు మళ్ళీ ఆసుపత్రిలో చేరిన కెప్టెన్‌తో ఆ మాటే అన్నాడు.

"తెలుసురా. నీ చోట నేనైతే ఎప్పుడో వేసేవాణ్ణి," అన్నాడు కెప్టెన్.

"మైకులో ఎందుకు చెప్పలేదన్నా?"

కెప్టెన్ కిటికీ వైపు తిరిగాడు. తాళం లేచి వచ్చేశాడు. ఇంటికి వెళ్ళి నాన్నకు మొత్తం చెప్పాడు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, అక్క ఫోను తీసుకుని, బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఇప్పుడు బస్సులో ఎవరైనా ఆ బొమ్మ తీసి నవ్వితే సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి చెబుతాడు. "మడమ కాదండీ. కొంచెం పైకి చూడండి, కళ్ళు."

ఆ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికీ వస్తుంది. ఎర్ర గీతను వదిలేసి కుర్రవాడి మొహం చూడండి. పదిమంది ఆటగాళ్ళు బంతి వైపు చూస్తుంటే, వాడొక్కడే పక్కవాడి మోకాలి వైపు చూస్తుంటాడు. కింది జట్టులో, జనం కూర్చోవడానికి మెట్లు కూడా లేని మైదానంలో, వాడింకా ఆడుతూనే ఉన్నాడు. నవ్వబోయే ముందు వాణ్ణి ఒక్కసారి గుర్తు చేసుకోండి.