రేవు పడవ

గోదావరికి పెద్ద వరద వచ్చి తొమ్మిదేళ్లు నిండిన ఏడది. బహరైన్‌లోని మనామాలో ఒక అరబ్బు దొర ఇంట్లో, వంటగది వెనక గదిలో వీరవేణి తెల్ల అంగీలు ఇస్త్రీ చేస్తోంది. ఎనిమిదయ్యాయి, ఇంకా పన్నెండున్నాయి. పక్కన టేప్‌రికార్డర్ పెట్టుకుంది. ఇక్కడే పనిచేస్తూ సెలవుకి ఊరెళ్లొచ్చిన తమ ఊరి సోమరాజు పొద్దున గేటు దగ్గర ఒక క్యాసెట్టు, ఒక కవరు ఇచ్చిపోయాడు. "బావ పంపాడక్కా. ఊళ్లో ఇప్పుడంతా ఆయన్ని మెంబరుగారంటన్నారు" అని నవ్వాడు.

క్యాసెట్టులో మొగుడు బుల్లబ్బాయి గొంతు హుషారుగా ఉంది.

"ఒసే, నువ్వు మండలం మెంబరువయ్యావే! మన లంక సీటు ఆడోళ్లకిచ్చారు. మొన్న మాఘంలో వచ్చినప్పుడు రేషన్‌కార్డుకని సంతకాలెట్టావే, అయ్యే నామినేషను కాగితాలు. పోటీకి ఎవుడూ రాలేదు. పెమాణానికి మా చెల్లి నరసాయమ్మకి నీ ఆకుపచ్చ చీర కట్టి, మొకం మీదకి కొంగు లాగి కూకోబెట్టాం. దానికి సంతకం రాదుగా, చెయ్యి బెణికిందని కట్టు కట్టాం!"

బుల్లబ్బాయితోపాటు వెనక నలుగురైదుగురు మగాళ్లు పగలబడి నవ్వారు. వీరవేణి అంగీ కాలరు మీద నీళ్లు చిలకరించింది. పెళ్లయిన కొత్తలో ఆమె అన్నం వార్చడం తెలియక చెయ్యి కాల్చుకున్నప్పుడూ అతను ఆ నవ్వే నవ్వాడు.

"మాటిమాటికీ కట్టు కడితే ఆఫీసరు ఊరుకోడు గదా. అందుకని కవర్లో పది తెల్లకాగితాలెట్టాను. అడుగున సంతకాలెట్టి పంపు, పైన రాసేది నేను చూసుకుంటాను. రేవుకి పడవ మంజూరైంది. అది వద్దని నీ పేరున రాసిచ్చి, ఆ సొమ్ము తన మిల్లు రోడ్డుకి మళ్లించాలంటన్నారు శ్రీనివాసరాజుగారు. మనల్ని నిలబెట్టింది ఆయనే గదే. నువ్వు మాత్రం రాకు. అక్కడే ఉండు. మెంబరు పని నీకేం తెలుసు?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

పడవ వద్దని తను చెప్పాలట. వరద వచ్చిన ఏడాది, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. కూతురు ప్రసన్నకి అప్పుడు ఆరేళ్లు. వాంతులు, విరేచనాలు. లంక చుట్టూ నీళ్లు. ఈదగలిగినవాళ్లు ఒడ్డు చేరి పడవ కోసం పాత తాలూకా ఆఫీసుకి పరిగెత్తితే, మీ ఊరు మా కిందనుంచి పోయింది, మండలానికి వెళ్లండి అన్నారట. కొత్త మండలం ఆఫీసులో ఒక బల్లా ఒక గుమాస్తా ఉన్నారట, మీ ఊరి కాగితాలింకా మాకు రాలేదు అన్నారట. ఆ ఊరెవరిదో తేలేదాకా పడవ కదలలేదు. రెండో రోజు మధ్యాహ్నం పిల్ల ఒంట్లో నీరంతా పోయి, అంత నీటి మధ్యలో, దాహం దాహం అంటూ ఒళ్లోనే చల్లబడిపోయింది. "ఆడపిల్లే గదా, ఏడవకు, మళ్లీ పుడుతుంది" అంది అత్తగారు. మళ్లీ పుట్టలేదు. ఆ మాట పడలేకే ఈ ఎడారికి వచ్చింది. ఇక్కడ పొద్దున నాలుగింటికి లేచి పరాయి పిల్లల నోళ్లు కడిగి, డబ్బు పంపి ఇల్లు కట్టించింది. ఆ ఇంటికి బుల్లబ్బాయి పేరు. ఇప్పుడు తన పేరు కూడా బుల్లబ్బాయిదే. తను లేకుండానే తన చీర వెళ్లి కుర్చీలో కూర్చుంది. బతికున్న మనిషి కన్నా ఉతికి ఆరేసిన చీరకే పని ఎక్కువ.

"వీణీ! ఖలాస్?" గుమ్మంలోంచి మేడమ్ కేకేసింది.

"కాలేదు మేడమ్."

"యల్లా, యల్లా!" అని తొందరపెట్టింది మేడమ్.

మిగిలిన పన్నెండూ చేసింది. ఒక్క మడత తప్పలేదు.

మర్నాడు పొద్దున పిల్లల్ని బడి బస్సెక్కించి వచ్చి, వంటగది బల్ల మీద పది కాగితాలూ పరిచింది. మూడో తరగతి చదువు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఒక కాగితం మీద రాసింది.

"మండలం ఆఫీసరుగారికి. నేను వీరవేణిని. బహరైన్‌లో ఉన్నాను. నా చెయ్యి బెణకలేదు. ఆ కుర్చీలో కూర్చున్నది నేను కాదు. మా రేవుకి పడవ కావాలి."

ఆ చివరి మాటకి ఆనించి, మధ్యలో వెంట్రుక కూడా పట్టకుండా సంతకం పెట్టింది. ఈ ఉత్తరంతో మెంబరు పదవి పోతుందనీ, బుల్లబ్బాయి ఇంట్లోకి రానివ్వడనీ ఆమెకి తెలుసు. కవరు అంటించింది. మిగిలిన తొమ్మిదీ పొయ్యి మంట మీద ఒక్కొక్కటే కాల్చింది.

బుట్టలో కొత్తగా ఉతికిన అంగీలు పదిహేనున్నాయి. వాటి జోలికి పోలేదు. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, మేడమ్ గది తలుపు తట్టింది, ఊరెళ్లాలి, ఆవిడ దగ్గరున్న తన పాస్‌పోర్టు తనకిమ్మని అడగడానికి.