ఈస్టర్ సోమవారం నాలుగు డిగ్రీలు

తనిఖీకి వచ్చిన మిసెస్ థ్రెల్‌ఫాల్, టీకాల ఫ్రిజ్ ముందు నిలబడి నేను రోజూ టెంపరేచర్ రాయాల్సిన పుస్తకం తిరగేసింది.

"మా నర్సు ఐలీన్ ఒక్క రోజు కూడా వదల్లేదండీ!" అన్నాడు డాక్టర్ హెస్కెత్. ఖాళీలు కనిపిస్తే పరువు పోతుందని నిన్న వాటన్నిటినీ నాచేత నింపించింది ఈ మహానుభావుడే.

ఆవిడ వేలు ఒకచోట ఆగింది. "ఈస్టర్ సోమవారం కూడా నాలుగు డిగ్రీలేనా? ఆ రోజు సెలవు కదమ్మా, క్లినిక్‌కి తాళం వేసి ఉంటుందిగా?"

నేను డాక్టర్ వైపు చూశాను.

"ఈవిడకి పనంటే ప్రాణమండీ. సెలవైనా వచ్చి చూసి పోతుంది," అన్నాడాయన, నన్ను గట్టెక్కిస్తున్నట్టు.

"అలాగా! మరి తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

ఉన్న ఒక్క తాళంచెవీ ఆయన జేబులోనే ఉంటుంది. ఆ జేబులో చెయ్యి పెట్టుకుని, జవాబు నన్నే చెప్పమన్నట్టు చూశాడు.