హుసేన్‌బీ తొడిగిన గాజులు

సంతరోజు హుసేన్‌బీ పొద్దున్నే గాజుల మలారం భుజానేసుకుని బయల్దేరేది. తెలుగులో పిలిచి, కోయల దోర్లీలో బేరమాడి, హిందీలో తిట్టేది. బస్తరు రాజ్యంలో ఓ మూలన, గొల్లపల్లి చుట్టుపక్కల ఆమె పిసకని ఆడచెయ్యి లేదు. ఆమె తొడిగిన గాజు మళ్ళీ ఆమె తీస్తేనే వచ్చేది. రోకలి తగిలినా పగిలేది కాదు. పండగలకి పాతవి తీయించుకుని కొత్తవి వేయించుకునేవాళ్ళు. అందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడు తీర్థానికి పోయిన పెద్దరైతు రాఘవులు పుణ్యం అక్కడే వదిలేసి, "తురకల చెయ్యి మైల" అన్న మాట వెంట తెచ్చుకున్నాడు. దసరాలోపు హుసేన్‌బీ ఊరు విడవాలని చాటింపు వేయించాడు.

సంతలో తిరుపతమ్మ చేతికి గుడ్డ చుట్టుకొచ్చి కూర్చుంది. వెనకున్న ఆడవాళ్ళ చేతులకీ గుడ్డలే.

"నీ చెయ్యి తగలకుండ తొడుగక్కా."

"పిసక్కుండ గాజెట్ల ఎక్కుద్దే? నీ మొగుణ్ణి గూడ గుడ్డ చుట్టే ముట్టుకుంటవా ఏంది?"

ఆడవాళ్ళంతా నవ్వారు. గుడ్డలు మాత్రం విప్పలేదు.

ఆ వారమే రాఘవులు తమ్ముడు పాము కరిచి పోయాడు. పదోనాడు అతని పెళ్ళాం సోమక్కను వాగుకు తీసుకుపోయి, పెళ్ళికి హుసేన్‌బీ తొడిగిన గాజుల్ని రాయికేసి కొట్టారు. రాయి పగిలింది. గాజులుండగా ఆడది విధవ కాదు. విధవ కానిదాన్ని మొగుడి పొలంలోంచి గెంటలేరు.

రాఘవులే హుసేన్‌బీ వాకిట్లోకొచ్చాడు.

"వచ్చి ఆ గాజులు తియ్యి."

"నా చెయ్యి మైల గాదా రాఘవులన్నా?"

"ముండమోయించటానికి మైలేంది? తీస్తే నీ ఇల్లు నీకుంటది. ఊళ్ళోనే బతుకు."

హుసేన్‌బీ తను అలికిన గోడల వంక చూసుకుంది. మరో ఊళ్ళో తనకెవరూ లేరు. లేచి వాగుకు నడిచింది.

సోమక్క చెయ్యి రాయిదెబ్బలకు కమిలిపోయి ఉంది. హుసేన్‌బీ కణుపుల మీద మెల్లగా నొక్కింది. గాజులు వదులయ్యాయి.

"తియ్యనా బిడ్డా?"

పెళ్ళినాడు గానీ, ఇప్పుడు గానీ ఆ పిల్లను ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు.

"వద్దత్తా," అంది సోమక్క.

హుసేన్‌బీ గాజుల్ని మోచేతి వైపుకి తోసి, చెయ్యి వదిలింది.

సోమక్క బొట్టుతోనే ఇంటికి తిరిగొచ్చింది. మరుసటేడు మొగుడి పొలంలో తనే నాట్లు వేయించుకుంది.

హుసేన్‌బీ ఇంటికప్పును మాత్రం ఆ సాయంత్రమే పీకేశారు. మూట నెత్తిన పెట్టుకుని ఆమె కోంటా దారి పట్టింది. వీధి పొడవునా తలుపుల వెనక గాజులు గలగలమన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.