మూడో పెట్ట ఎక్కడ?

"రెండే ఉన్నాయి! మూడోది లేదు!"

కోడలి కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆమె బస్సు కండక్టరు. డ్యూటీకి బయల్దేరబోతూ పెరట్లోకి తొంగిచూసింది, అంతే. ఇప్పుడు భుజాన టికెట్ల సంచి, చేతిలో బకెట్టు, బకెట్లో బిక్కచచ్చిన ఒక చిన్న పెట్ట. రెండోది వసారాలో అత్తగారి కుట్టుమిషనెక్కి, సగం కుట్టిన గౌను మీద తన అభిప్రాయం వదిలేసింది.

పెరడంతా ఈకలే. అత్తగారి ఆరు పాత కోళ్ళు, కోడలు కొత్తగా తెచ్చుకున్న మూడు పెట్టల వాటాలో చొరబడి మేత ఊడ్చేస్తున్నాయి. ముందు నిలబడి పెత్తనం చేస్తున్నది హెడ్మాస్టరు. పేరు అలా ఉన్నా పెట్టే.

మధ్యలో వల కుట్టి ఉంచాలి, అలవాటు పడేదాకా పదిరోజులు రెండు జట్లూ ఒకదాన్నొకటి చూసుకోవాలే తప్ప ముట్టుకోకూడదు. అదీ ఒప్పందం. ఇవాళ నాలుగోరోజు. వల నేలమీద ఉంది.

"మీ పనే అత్తయ్యా! నా పెట్టలొచ్చినప్పట్నుంచీ మీకు కంట్లో నలుసే!"

"నాకేం పనిలేదనుకున్నావా? మేత వేసింది మీ మామయ్య. ఆయన్నడుగు."

"నేను వల జోలికే పోలేదమ్మా," అన్నారు మామగారు. "హెడ్మాస్టరు చూసిన చూపుకి గుమ్మంలోంచే విసిరేసి వచ్చా."

కోడలు పెట్టల్ని తెచ్చిన గంప తీసింది. "నేనొచ్చి మూడు నెలలు. నన్నూ ఇంకా వల అవతలే ఉంచారు. సాయంత్రానికి నేనూ నా పెట్టలూ మా అమ్మ దగ్గరుంటాం."

అత్తగారి మెడలోని కొలత టేపు జారి కిందపడింది. ఆమె తీయలేదు.

అంతలో గుడ్ల పెట్టెలోంచి "కొక్" అని వినిపించింది. ముగ్గురూ పరుగెత్తారు. మెడమీద రెండు ఈకలు తక్కువగా, హెడ్మాస్టరు గుడ్డు మీద హాయిగా కూర్చుంది మూడో పెట్ట. వెనకే వచ్చిన హెడ్మాస్టరు, స్నానాలగది ఖాళీ అవుతుందేమోనని చూసే మనిషిలా బయట కాలు మార్చి కాలు మార్చి నిలబడింది. దాని ముక్కుకి నీలం దారం వేలాడుతోంది.

"దొరికింది దొంగ! హెడ్మాస్టరే!" అత్తగారు గబుక్కున అంది.

మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి బిగించారు. దారం పట్టి చూశారు.

"లాగింది ఇదే. కానీ దారం ఎక్కడా తెగలేదు. చివర ముడి లేదు. ఒక్క లాగుకి మొత్తం ఊడొచ్చింది. ముడి లేకుండా వల కుట్టిందెవరు?"

కోడలు వసారాకేసి చూసింది. మిషను మీది గౌనుకి అవే నీలం దారాలు. కొలత సరిచూడ్డానికి వేసి, తర్వాత పీకేసే కచ్చా కుట్టు.

"అంటే... పదోరోజు ఎలాగూ విప్పాలి కదా అని..." అత్తగారు నసిగింది. "చెయ్యి అలవాటు..."

"ఎవరి చెయ్యి అత్తయ్యా?" కోడలు నవ్వాపుకుంటోంది. గంప మాత్రం వదల్లేదు. "పైకి చెప్పండి."

అత్తగారు హెడ్మాస్టర్ని చూసింది. అదీ ఆమెనే చూస్తోంది.

"ముందా గంప కింద పెట్టవే తల్లీ! చేసింది నేనే!"