రాగిరేకు గొయ్యి

మా అత్త దాలమ్మ నన్ను చిల్లంగి పెట్టే మనిషినంది, అంటే చేతబడి చేసేదాన్నని. అదీ ఎవరి ముందు? కరెంటు కంపెనీ ఇనస్పెక్టరు ముందు! చెప్తాను వినండి, తప్పెవరిదో మీరే తేల్చండి.

యుద్ధం ముగిశాక మిలటరీవాళ్లు విశాఖపట్నంలో పాత సామాన్లు అమ్మేస్తుంటే, మా ఆయన జగన్నాధం ఒక వెల్డింగు మిషను కొని బండి మీద విజయనగరం తెచ్చాడు. రంగూను ఓడల కార్ఖానాలో నేర్చిన పని అది. మిషను సావిట్లో పెట్టి, ఇంటి దీపాల వైరుకే తగిలించి మీట నొక్కాడు. ఫ్యూజు టప్పుమంది. మగవాడికి రోషం వస్తే తెలివి అటకెక్కుతుంది కదా! ఫ్యూజులో లావుపాటి తీగ బిగించి మళ్లీ నొక్కాడు. ఈసారి వీధి వీధంతా చీకటైపోయింది.

మర్నాడు ఇనస్పెక్టరు లక్ష్మణరావుగారు వచ్చి, మసిబారిన గోడ వైరు చూసి మండిపడ్డారు.

"ఇల్లు తగలబడకపోవడం నీ అదృష్టం! ఈ మిషనుకి స్తంభం నుంచి వేరే లావు వైరు, వేరే స్విచ్చి, దానికి తగ్గ ఫ్యూజు ఉండాలి. మిషనుకి ఎర్తు ఉండాలి. గురువారం వస్తాను. ఏ ఒక్కటి లేకపోయినా లైను కోసేస్తాను."

ఆయన వెళ్లాక మా ఆయన చల్లగా అన్నాడు, "కోసేస్తే నాను ఖరగ్‌పూర్ ఎల్లిపోతానే. రైల్వే కార్ఖానాలో రమ్మంతన్నారు."

రంగూను మీద బాంబులు పడ్డాక, ఆయన కాలినడకన ఇల్లు చేరేదాకా బతికున్నాడో లేదో కూడా తెలీకుండా గడిపాను. మళ్లీ ఆ ఎదురుచూపు నా వల్ల కాదు.

కొత్త వైరూ స్విచ్చీ మనుషుల్ని పెట్టి వేయించాడు. ఎర్తు మాత్రం మేమిద్దరమే పెట్టాం. ఎర్తంటే మరేం లేదు. మిషను ఒంటికి కరెంటు పాకితే మనిషిని పట్టుకోకుండా నేలలోకి పోయే దారి. పెరట్లో గొయ్యి తవ్వి, రాగిరేకు పెట్టి, దాని తీగ మిషనుకి కట్టి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ వేసి పూడ్చాం. అక్కడ రోజూ నీళ్లు పోసి తడిగా ఉంచాలిట. ఆ పని నాది.

శృంగవరపుకోటలో కూతురింటికి వెళ్లిన అత్త అప్పుడే తిరిగొచ్చింది. నేను తెల్లారగట్ల తలంటుకుని, జుట్టు విరబోసుకుని గొయ్యి మీద నీళ్లు పోస్తుంటే గుమ్మంలోంచి చూసింది. చూసి ఊరుకుంది. ఇదేమిటే అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

గురువారం లక్ష్మణరావుగారు వచ్చారు. వైరు బాగుందన్నారు, స్విచ్చి బాగుందన్నారు. బల్బు ఒక కొస కరెంటుకీ ఇంకో కొస ఎర్తు తీగకీ తగిలించారు. వెలగలేదు.

"నేలకి అందలేదు. తవ్వు" అన్నారు.

తవ్వితే రాగిరేకూ లేదు, బొగ్గులూ లేవు. ఎర్రగుడ్డలో మేకులు గుచ్చిన నిమ్మకాయ ఉంది! లక్ష్మణరావుగారు చటుక్కున వెనక్కి గెంతారు.

"ఇదెక్కడి ఎర్తయ్యా! ఏ ఊళ్లో నేర్చావు?"

అత్త ముందుకొచ్చింది.

"నానే తీసినాను బావూ. రాగిరేకు, బొగ్గులు, ఉప్పు! సిల్లంగి కాక మరేటి? తీగ తిన్నగా నా కొడుకు కూకునే మిషనుకే కట్టినాది. జుట్టిరబోసుకొని నీళ్లు పోస్తన్నాది. ఆడ్ని కొంగుకి కట్టీసుకుందారని ఈ నీలవేణే సేసినాది. అందుకే ఇరుగుడెట్టినాను."

నాకు ఒళ్లు మండిపోయింది.

"అవునత్తా, కట్టీసుకుందారనే సేసినాను! ఆ రేకు గోతిలో ఉంటే ఈ బావు లైను ఉంచుతాడు. లైనుంటే నీ కొడుకు ఇంట్లో ఉంటాడు. లేపోతే ఖరగ్‌పూర్ పోతాడు. ఏది కావాలో నువ్వే సెప్పు!"

చెప్తుంటేనే నాకు ఏడుపొచ్చేసింది. అత్త కొడుకు మొహంలోకి చూసింది.

"నిజివేట్రా?"

ఆయన తల దించుకున్నాడు.

అత్త వెళ్లి, కుడితి గోలెం కింద దాచిన రాగిరేకు లాక్కొచ్చింది. ఆ నిమ్మకాయ గోడవతలికి విసిరేసి, రేకు తనే గోతిలో పెట్టింది. మా ఆయన దానికి తీగ మళ్లీ బిగించాడు. నేను బొగ్గులూ ఉప్పూ పోస్తుంటే, "ఉండే" అని లోపలికి పరిగెత్తి, పుట్టింటివాళ్లు పెళ్లిలో ఇచ్చిన రాగిచెంబు తెచ్చింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"ఇదీ ఎయ్యండి. గట్టిగుంటాది."

"అక్కర్లేదమ్మా, రేకు చాలు" అన్నారు లక్ష్మణరావుగారు.

"మీకేటి బావూ! ఎల్లిపోయీవోడు మీ కొడుకా?"

చెంబు కూడా పెట్టి మట్టి కప్పాం. అత్త బిందెడు నీళ్లు కుమ్మరించి, తడి చేతుల్తోనే నా చెయ్యి పట్టుకుంది. లక్ష్మణరావుగారు బల్బు తగిలించారు. ఈసారి వెలిగింది.