మెల్లిగా, బొమ్మ పాడవుతుంది!

నేను ఒక సగం బొమ్మను. తల, మెడ, రొమ్ము, అంతే నేను. చేతుల్లేవు, కాళ్లు లేవు. గుండె ఆగి పడిపోయిన మనిషిని చేతులతో నొక్కి, నోటితో ఊపిరి పోసి, అంబులెన్సు వచ్చేదాకా ఎలా నిలబెట్టుకోవాలో మీకు నేర్పడం నా ఉద్యోగం. దాన్ని సీపీఆర్ అంటారని మీరు పేపర్లో చదివే ఉంటారు. మొదటి ఐదేళ్లలో ఎంతమందికి నేర్పావని మాత్రం నన్ను అడగకండి, ఒళ్లు మండుతుంది. చేతులే ఉంటే ఈపాటికి నా నెత్తి నేనే బాదుకుని సొట్టలు పెట్టుకునేవాణ్ణి.

నన్ను తయారుచేసినవాళ్లు తెలివైనవాళ్లే. పైన రబ్బరు తోలు, లోపల ఒక గట్టి స్ప్రింగు, ఊపిరితిత్తులకు బదులు ఒక ప్లాస్టిక్ సంచి. స్ప్రింగు పక్కనే చిన్న రేకు ముక్క పెట్టారు. రొమ్ము మధ్యలో అరచెయ్యి ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కితే రొమ్ము రెండంగుళాలు లోపలికి దిగుతుంది. అప్పుడు ఆ రేకు టిక్కుమంటుంది. అంతకు తక్కువ దిగితే ఏ చప్పుడూ రాదు. నాకు వచ్చిన మాట అదొక్కటే. టిక్కుమన్నానంటే సరిగ్గా నొక్కావని అర్థం. ఊరుకున్నానంటే, నాయనా, నువ్వు నొక్కుతున్నాననుకుంటున్నావు గానీ అవతల మనిషి పోతున్నాడని అర్థం. నన్ను పెట్టెలో పెట్టే ముందు ఒక ఇనుప చెయ్యి పదివేలసార్లు నొక్కి చూసింది. పదివేలసార్లూ టిక్కుమన్నాను. నా పుట్టుకకు అర్థం అదే అనుకుని సంబరపడ్డాను.

తర్వాత నన్ను ఉత్తరాంధ్రలో ఒక జూట్ మిల్లువాళ్లు కొన్నారు. నాతోపాటు ఒక చంటి బొమ్మ కూడా వచ్చింది. నా తెల్లతోలు చూసి మిల్లు జనం నాకు దొరబాబు అని పేరు పెట్టారు. మొదటి రోజు పట్నం నుంచి సలోమీ అనే నర్సమ్మ వచ్చి పాఠం చెప్పింది. ఆవిడ చెయ్యి వేస్తే చాలు, టిక్, టిక్, టిక్.

"ముందు భుజాలు తట్టి పిలవండి. పలకలేదా, ఒకరు నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి, ఒకరు నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి నూరుకు పైన, నూట ఇరవై లోపు. ముప్ఫై నొక్కులు, రెండు ఊపిర్లు. ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కడం మాత్రం ఆపకండి. ఒడ్డున పడ్డ చేపలాగ ఉండుండి నోరు తెరుస్తుంటే అది ఊపిరి కాదు, మోసపోవద్దు. చంటిపిల్లలకైతే రెండు వేళ్లు చాలు, రొమ్ము మందంలో మూడో వంతు దిగాలి. వాళ్లకి ఊపిరి మాత్రం తప్పకుండా ఇవ్వాలి, ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి," అంది.

అంత చక్కగా చెప్పిన మనిషి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది. నేను స్టోరుకీపరు కూర్మనాథం గారి చేతుల్లో పడ్డాను.

కూర్మనాథం గారు చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ స్టోరులోంచి ఒక్క మేకు పోనివ్వని మనిషి. నడుముకు తాళాల గుత్తి, ఆయన వస్తుంటే ముందు ఆ గుత్తి చప్పుడే వచ్చేది. నన్ను మిల్లు గోనెలో చుట్టి, దానిమీద ఇంకో గోనె చుట్టి, ఎలుకలు కొరకకుండా బీరువా మీద పెట్టాడు. దసరాకి మగ్గాలతోపాటు నాకూ ఆయుధపూజ చేసి నుదుట కుంకుమ పెట్టాడు. చంటి బొమ్మ గతి ఇంకా బాగుంది. కృష్ణాష్టమికి ఎవరో ఉయ్యాలలో పడుకోబెడతామని పట్టుకెళ్లి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి తెచ్చి ఇచ్చారు. మేమేమిటో, దేనికొచ్చామో అడిగినవాడు లేడు.

ఏటా మార్చిలో భద్రతా వారం వచ్చేది. సేఫ్టీ ఆఫీసరు పట్నాయక్ గారు మైకులో గంటసేపు మాట్లాడేవారు. తర్వాత కార్మికులు వరసగా వచ్చి నా రొమ్ముమీద చెయ్యి పెట్టేవాళ్లు. నా తలదగ్గర కూర్మనాథం గారు నిలబడి ఉండేవాడు.

"మెల్లిగా! మెల్లిగా నొక్కండి! బొమ్మ పాడైపోతే మళ్లీ తెచ్చీవోడు లేడు!"

ఇక చూడండి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు ఒకడు రెండు వేళ్లతో తాకి లేచిపోతాడు. ఒకడు దండం పెడతాడు. నోట్లో ఊపిరి ఊదమంటే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు, మగవాళ్లు నాకంటే బిగుసుకుపోతారు. ఎవడైనా కాస్త బలంగా చెయ్యి వేశాడా, కూర్మనాథం గారు వాడి రెక్క పట్టుకుని లేపేస్తాడు. ఫొటో తీస్తారు, సర్టిఫికెట్టు ఇస్తారు. ఐదేళ్లు ఇదే తంతు. వెయ్యిమందికి పైగా చేతులు వేసి ఉంటారు. నాకు ఒక్క టిక్కు దక్కలేదు. పదివేల దెబ్బలు తిని వచ్చినవాణ్ణి, నన్ను పగిలిపోయే గాజుగ్లాసులా చూస్తుంటే తల ప్రాణం తోకకొచ్చేది. నేను పాడైతే ఏమవుతుందయ్యా? ఇంకో బొమ్మ వస్తుంది. మీలో ఒకడు పడిపోతే ఇంకొకడు వస్తాడా? ఎప్పుడూ తెరిచే ఉండే నోరు నాది, అందులోంచి ఒక్క మాట రాదు.

నన్ను నొక్కిన మనిషి ఒక్కతి ఉంది. కాంట్రాక్టు మీద మిల్లు ఊడ్చే అసిరమ్మ. భద్రతా వారంలో ఆమెకు చోటు లేదు, కాంట్రాక్టువాళ్ల పేర్లు ఆ జాబితాలోకి రావు. సలోమీ నర్సమ్మ పాఠం చెప్పిన రోజు చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. శనివారం పొద్దున్నే నన్ను దింపి గుడ్డతో తుడవడం ఆమె పని. కూర్మనాథం గారు టీకి వెళ్లిన పావుగంటలో, తుడిచినంతసేపు తుడిచి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క పట్టు పట్టింది.

టిక్.

ఎన్నాళ్లకు! నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె లెక్క ఒకటితో మొదలుకాదు. కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచే ఇంట్లో పెరిగింది. అక్కడ మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అదే అలవాటు. "లాభం, రెండు, మూడు, నాలుగు..." అంటూ ముప్ఫైదాకా నొక్కి, కొంగుతో మొహం తుడుచుకునేది. ఒక శనివారం నాతో చెప్పింది.

"దొరబాబూ, నా పెనిమిటి సంతలో పడిపోనాడు. సుట్టూ నూరుమంది నిలబడినారు. సేతిలో తాళాలెట్టినారు, మొకాన నీళ్లు కొట్టినారు. ఇలాగ నొక్కాలని ఒక్కలూ సెప్పనేదు. నాకూ తెల్దు. తల ఒళ్లో ఎట్టుకోని కూకున్నాను."

ఆ రోజు ఆమె ముప్ఫైతో ఆపలేదు.

ఆరో ఏడు భద్రతా వారం. పొద్దున పదకొండు గంటలు, నేతశాల పక్క షెడ్డు. నన్ను చాపమీద పడుకోబెట్టారు. పట్నాయక్ గారి ఉపన్యాసం అయింది. మొదటి కార్మికుడు వచ్చి నామీద చెయ్యి వేశాడు. కూర్మనాథం గారికి ఆ పొద్దుట్నుంచి ఒంట్లో బాగాలేదు, చెమటలు కారుతున్నాయి, ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు. అయినా తన డ్యూటీ మానలేదు.

"మెల్లిగా..." అన్నాడు. అని, నిలువునా నా పక్కన కూలిపోయాడు.

ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఇద్దరికీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

అప్పుడు మొదలైంది, సర్టిఫికెట్లు పుచ్చుకున్న వెయ్యిమంది విద్య. "ఫిట్సు! ఫిట్సు!" అని ఒకడు అరిచాడు. "చేతిలో ఇనుం పెట్టండి," అని ఇంకొకడు. కూర్మనాథం గారి నడుముకున్న తాళాల గుత్తే ఊడదీసి ఆయన గుప్పిట్లో కుక్కారు. ఉల్లిపాయ కోసం ఒకడు క్యాంటీనుకు పరిగెత్తాడు. ఆయన నోరు ఉండుండి తెరుచుకుంటుంటే, "గురకొస్తంది, ఊపిరుంది, పరవానేదు," అన్నాడొకాయన ధీమాగా. ఒడ్డున పడ్డ చేపరా అది! చెప్పింది కదరా ఆ మహాతల్లి! పక్కనే పడి ఉన్నానే, ఇంత బొమ్మను, నన్ను చూసైనా గుర్తు రావద్దా?

పట్నాయక్ గారికి గుర్తొచ్చింది, పాపం. ఒకణ్ణి ఫోన్ చెయ్యమని, తను మోకాళ్ల మీద కూర్చున్నారు. చేతులు సరైన చోటే పెట్టారు. నొక్కారు. మెల్లిగా. కూర్మనాథం గారి చొక్కా కూడా నలగలేదు. ఐదేళ్లుగా ఏది నేర్చుకున్నారో అదే చేస్తున్నారు. ఆ గుండె ఆగి నిమిషం దాటింది, ఆ మెల్లిగా నొక్కడం నేర్పింది నామీదే, నేర్పినవాడు ఆ పడిపోయినాయనే. నాకు కోపం కూడా రాలేదప్పుడు. భయమేసింది.

గుంపును తోసుకుంటూ అసిరమ్మ వచ్చింది. చీపురు ఎక్కడ పారేసిందో.

"తప్పుకోండి బాబూ."

"నువ్వెందుకమ్మా..."

"మీరు నిమురుతన్నారు. నిమిరితే మనిసి లెగడు. తప్పుకోండి!"

రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి వేసి, మోచేతులు బిగించి, ఒంగి నొక్కింది. "లాభం!" రొమ్ము రెండంగుళాలు దిగింది. "రెండు! మూడు!" ఐదో నొక్కుకు లోపల ఏదో టక్కుమంది. గుంపంతా గొల్లుమంది.

"ఎముకిరిగింది! సంపేస్తంది! ఆపండి దాన్ని!"

"ఎముకైతే అతుక్కుంటది," అంది తలెత్తకుండా. "ఆరు, ఏడు, ఎనిమిది..."

ముప్ఫై అయ్యాక తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడానికి ఎవరికీ తోచలేదు. మళ్లీ లాభం నుంచి మొదలు. రెండు నిమిషాలకు ఆమె నొక్కు రెండంగుళాలు దిగడం మానేసింది. "ఎవులైనా రండి, ఆపకూడదు," అంది. పట్నాయక్ గారు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. ఆయన మోచేతులు వంగుతుంటే వెనక నుంచి భుజాలు పట్టి కిందికి నెట్టింది. "ఇంకా లోనికి బాబూ, ఇంకా! పైకొచ్చినప్పుడు పూర్తిగా ఒదిలీండి!" ఇలా ఒకరి తర్వాత ఒకరు. పావుగంట దాటాక అంబులెన్సు వచ్చింది. అందులోవాళ్లు కరెంటు షాకు పెట్టారు. రెండో షాకుకు ఆయన మెడలో నాడి అందింది. అసిరమ్మ గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని, పెద్దగా ఏడ్చింది.

రెండు నెలల తర్వాత కూర్మనాథం గారు స్టోరుకు వచ్చాడు. చిక్కిపోయాడు. మూడు పక్కటెముకలు విరిగాయట, దగ్గితే ఇంకా నొప్పట. అసిరమ్మను పిలిపించి, కూర్చోమంటే ఆమె కూర్చోలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు అసిరమ్మా?"

ఆమె మొహం పాలిపోయింది. నావైపు చూసి, చేతులు కట్టుకుని చెప్పింది.

"తప్పైపోనాది బాబూ. శనివారాలు తుడిసినప్పుడు మీరు నేకుండా బొమ్మని గట్టిగా నొక్కినాను. ఇరగనేదు బాబూ, సూడండి, బాగానే ఉంది."

ప్రాణం పోసిన మనిషి బొమ్మను నొక్కినందుకు క్షమాపణ అడుగుతోంది! ఇన్నేళ్లలో నాకు అంత తిక్కరేగిన రోజు లేదు. కూర్మనాథం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను దింపి, చుట్టిన గోనెలు రెండూ తీసి, దూరంగా విసిరేశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, పక్కటెముకల నొప్పికి పళ్లు బిగించి, నన్ను నొక్కాడు.

టిక్.

ఆ మరుసటి సోమవారం నుంచి ప్రతి షిఫ్టుకు ముందు పదిమంది వచ్చేవాళ్లు, కాంట్రాక్టువాళ్లతో సహా. నేర్పేది అసిరమ్మ. నా తలదగ్గర కూర్మనాథం గారే నిలబడేవాడు, చప్పుడు రానివాణ్ణి లేవనిచ్చేవాడు కాదు. చంటి బొమ్మ దిష్టిచుక్క తుడిచి, దానిమీద తల్లులకు నేర్పారు. ఊరంతటికీ ఒకటి అంటే ఒకటే, మా మిల్లులో మాత్రం అందరూ లాభం అని మొదలుపెట్టేవాళ్లు. ఒళ్లు హూనమైపోయింది నాకు. అలా మూడేళ్లకు స్ప్రింగు విరిగిపోయింది, రేకు మూగబోయింది. కొత్త బొమ్మ వచ్చింది.

నిన్న నన్ను పాత సామానుతో కలిపి లారీ దగ్గరికి తెచ్చారు. పక్క షెడ్డులో పాఠం నడుస్తోంది, లెక్క వినబడుతోంది, ప్రతి అంకె వెనకా ఒక టిక్కు. పట్నాయక్ గారి వంతులో మాత్రం రెండు తప్పిపోయాయి. ఆ మోచేతులు ఇప్పటికీ వంచుతున్నాడు మహానుభావుడు!

లారీవాళ్లు నన్ను తుక్కుమీదికి విసరబోయారు. తాళాల గుత్తి చప్పుడు వినబడింది. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"ఒరే, మెల్లిగా!" అన్నాడు కూర్మనాథం గారు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండకపోవడం అదే మొదటిసారి.